పెదవి కింద కుచ్చు

ఎనభై నాలుగుల, మనామా సూక్ వెనుక గల్లీల
మూడు కుర్చీల సెలూన్.
నడిమి కుర్చీ నాది.
శుక్రవారం శుక్రవారం వచ్చేటోడు
ఆర్లిస్ టిబ్స్ అనే నల్ల ముసలాయన,
చంకల ట్రంపెట్ పెట్టె,
చంటిపిల్లకు సూది ఏపియ్య తెచ్చినట్టు.

మొదటిరోజే వేలు పెట్టి చూపిండు
కింది పెదవి కింద ఇంత కుచ్చు.
"దీన్ని ముట్టకు. నా బాకాకు దిండు ఇది."

నా ఇంగ్లీషు కొంచెం, ఆయన అరబ్బీ కొంచెం,
నడుమ సబ్బు నురగ.
అట్లనే తెలిసింది:
న్యూయార్కుల ఒక నేలమాళిగ,
తెల్లారినా ఇంటికి పోని ఆరుగురు పోరగాళ్లు,
దీనికి ఎగరొస్తలేదని లేచిపోయిన జనం,
పాటనా, పళ్లాలు పడ్డ సప్పుడా అని రాసిన పేపరోళ్లు.
"బీబాప్" అన్నడు.
నాకు మంగలంల మక్కపేలాలు యాదికొచ్చినయ్.

"గంత ఉరుకుడెందుకు సార్?"
"ఉరుకుడు కాదు.
యాడ ఊపిరి తీసుకోవాల్నో
మాకు మేమే చెప్పుకున్నం. గంతే."

కత్తి ఆగింది.
మా నాయిన సన్నాయి ఊదేటోడు.
పొద్దున గడ్డాలు, రాత్రి పెండ్లి ఊరేగింపులు,
దొర వేలు లేస్తె ఊదుడు, దించితె ఆపుడు.
ఒక్కసారి, గడీ ముంగట,
వేలు దించినా ఆపలే నాయిన.
ఆ ఏడు మా ఇంటికి గింజలు రాలే.

ఈ ముచ్చట ఆయనకు చెప్పనీకి రాలే.
అరబ్బీల దొర అంటె షేక్ అయితడు,
పక్క కుర్చీలోడు వింటున్నడు.

వాన పడ్డ జనవరిల ఒకనాడు
పెట్టె లేకుంట వచ్చిండు.
నోట్ల కొత్త పండ్లు, తెల్లగ, కదులుతున్నయ్.
"ఇయ్యాల అది గూడ తియ్" అన్నడు.
కత్తి నూరిన. మల్ల నూరిన.
ఎన్ని వేల గడ్డాలు గీసిన,
గోరంత జాగకు గంత సేపు ఎన్నడు పట్టలే.
అద్దం చూసుకోకుంటనే లేచిండు.
పైసలు నేను తీసుకోలే.

ఎండలు ముదిరినంక, హోటల్ వెనుక, చెత్తడబ్బాల కాడ
బ్యాండుల ఫిలిప్పీన్ పోరడు రోడెల్ ఒక్కడే ఊదుతుండు.
"ఎవరిదిరా ఇది?"
"ఎవరిదో. అందరు గిట్లనే ఊదుతరు గద."
మల్ల మొదలువెట్టిండు.
ఎవరూ ఆగని కాడ ఆగిండు,
ఊపిరి తీసుకున్నడు.

వచ్చే శుక్రవారం వాడు నా కుర్చీల కూసుంటె
పెదవి కింద
కొత్తగ మొలుస్తున్న నాలుగు వెంట్రుకలు.
అడగకుంటనే
ఇడిచిపెట్టిన.