చెక్కుబందీ

వన్‌టౌన్‌లో, పోర్టు బొగ్గుపొడి
కిటికీ చువ్వల మీద వాలే సందులో
లక్కా కొవ్వొత్తీ ఇత్తడి సీలూ మోసుకుంటూ
కమిషనరు గారి వెనకాల నడుస్తున్నాను.
ఆయన మామూలు వకీలే.
ఈ ఒక్క పూటకి మేజిస్ట్రేటు గారి చెయ్యి.
నేను ఆ చేతికి వేలిగోరు.

పదకొండేళ్లుగా ఇళ్లు రాస్తున్నాను,
పంచనామాల్లో.
బీరువా ఒకటి, రేకుది, అద్దం పగిలింది.
ఫ్యాన్లు రెండు, ఒకటి తిరగదు.
మనుషుల్ని రాయడానికి ఆ కాయితంలో గడి లేదు.

నూకరత్నం తలుపు తీసింది.
కానిస్టేబులుకి కుర్చీ వేసింది.
నోటీసులూ, పేపర్లో పడ్డ ప్రకటన ముక్కలూ
అన్నీ కేరీబ్యాగులో, కరెంటు బిల్లుల కింద.
"తెలుగులో ఉన్నది కూడా తెలుగునాగ నేదు బాబూ."

హార్బరులో ఐసు దంచే మిషను ఆమెది.
సహ రుణగ్రహీత పారాదీపు బోట్ల మీద ఎక్కడో.
చట్టం ఇచ్చిన గడువు అరవై రోజులు.
వేట నిషేధం అరవై ఒక్క రోజు.
రెండూ ఒకే పొద్దున మొదలయ్యాయట.
బోట్లు కట్టేసిన రేవులో ఐసు ఎవరికి కావాలి?
ఆ ఒక్క రోజు తేడా గురించి
ఏ సెక్షనూ మాట్లాడదు.

అప్పిచ్చిన కంపెనీకి లైసెన్సు ఉంది.
పటం కట్టి గోడకి తగిలించారు, దండ ఒకటే తక్కువ.
ఆ కంపెనీ వాయిదా కట్టడానికి అప్పిచ్చినవాడికి
లైసెన్సు లేదు, మోటారు సైకిలుంది.
చట్టం లెక్కలో వాడు వడ్డీ వ్యాపారే కాడు.
అయినా పాలవాడికంటే ముందొచ్చేవాడు.

షెడ్యూలు చదవమన్నారు వకీలు గారు.
గొంతు సవరించుకుని చదివాను.
తూర్పు: బొడ్డు సన్యాసమ్మ పెరడు.
దక్షిణం: పన్నెండడుగుల నడకదారి.
పడమర: ఖాళీ స్థలం.
ఉత్తరం: మునిసిపలు కాలువ.

నవ్వింది నూకరత్నం, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా.
సన్యాసమ్మ పెరడు మూడంతస్తులయ్యింది.
నడకదారిలో రెండాటోలూ, ఎవరివో మెట్లూ.
ఖాళీ స్థలంలో రంగుల గోడౌను.
కాలువ ఒక్కటే
కాయితం మాట మీద నిలబడింది.
"ఇది నా ఇల్లు. ఆ కాయితంలోది మరోటి.
దాన్నెతుక్కోండి, తాళం ఏసుకోండి."
వకీలు గారు కూడా నవ్వారు, తర్వాత
సర్వే నంబరు సరిపోయిందన్నారు.

సామాను బయటపడింది. పక్కింటి కుర్రాళ్లు మోశారు.
దండెం మీది తువ్వాలు నేనే తీసిచ్చాను.
పెరట్లో నీలం డ్రమ్ము మిగిలింది,
అంచుదాకా నీళ్లు.
"ఇవి రాసినావా?"
లేదన్నాను.
"తెల్లారగట్ట నాలుగున్నరకి ఒచ్చిన నీళ్లు.
మళ్లీ ఎల్లుండి గానీ రావు. రాయి."
నేను వకీలు గారి వైపు చూశాను.
ఆయన ఫోను వైపు చూశారు.
నేలకి అతుక్కున్నది స్థిరాస్తి, కదిలేది చరాస్తి.
నీళ్లు కదలకుండా నిలబడ్డాయి,
మధ్యలో చిన్న ఆకాశం, బొగ్గు నలుసులు.

కలం ఎత్తేలోగా ఆమే బిందె ముంచింది.
ఒకటి మేడ మీదావిడకి, ఒకటి ఆటో అతనికి,
ఒకటి కానిస్టేబులు సీసాలోకి.
ఎవరికి ఎంత బాకీ ఉందో తెలిసినట్టు
తొణక్కుండా పోసింది.
అడుగున మిగిలింది కాలువలో ఒంపేసి
డ్రమ్ము బోర్లించింది.
"ఇప్పుడు రాయి."

డ్రమ్ము ఒకటి, నీలం, ఖాళీ.

తాళం పడింది. గుడ్డ చుట్టాను. లక్క కరిగించాను.
సీలు నొక్కితే మూడు సింహాలు
బొగ్గుపొడి మీద ఎర్రగా కూర్చున్నాయి.
ఆమె మిషను బెల్టు భుజానేసుకుని
హార్బరు వైపు మలుపు తిరిగింది.

మర్రిపాలెం చేరేసరికి చీకటి.
లక్క వేళ్లకి అంటుకుపోయింది.
కుళాయి తిప్పాను.
లోపల గాలి ఒకసారి దగ్గింది.
మా వీధికి ఈ రోజు
నీళ్ల రోజు కాదు.