తొమ్మిదో నంబరు బూట్లు

కొత్త రెన్షా ఎవరో రేపు పొద్దున చెబుతారట.
న్యూలిన్ రేవులో చేపలు పట్టేవాళ్ళకి
దానితో పనేమిటని అడక్కండి.
ఆ రాత్రి గాలివాన పడవల్ని కట్టేసింది,
బారులో నములుకోడానికి రెన్షాయే దొరికాడు.

నలభై ఎనిమిదేళ్ళుగా అదే గూఢచారి,
అదే బూడిదరంగు కోటు,
ఎడమ జేబులో అదే అగ్గిపెట్టె.
మొహాలే ఐదు మారాయి.

డెంజిల్‌కి మొదటివాడే దేవుడు.
"మనిషిని చంపి గ్లాసు కింద పెట్టేవాడు,
చప్పుడయ్యేది కాదు.
తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే అదిరా.
తరవాతొచ్చినవాళ్ళంతా
గుడ్డ తడపడం దగ్గరే ఆగిపోయారు."

మోర్వెన్నా ఒప్పుకోలేదు.
ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది,
గడియారం ఇంకా గుండె మీద తలకిందులుగా వేలాడుతోంది.
"నీ మొదటివాడికి ఎప్పుడైనా నొప్పి తెలిసిందా?
మూడోవాణ్ణి చూడు, తూటా తగిలాక
మెట్ల మీద కూచుని బూటు లేసు కట్టుకుంటాడు.
ముడి పడదు.
నేను రోజూ చూసే వేళ్ళవి."

"మూడోవాడు పిరికిపంద!"
"మరి ఆ రెండోవాడో? తుపాకీ తీసేముందు
జుట్టు సర్దుకునే పెళ్ళికొడుకు!"
"నాలుగోవాణ్ణి మాత్రం ఏమీ అనకండి, మా అమ్మకి ఇష్టం"
అంటూ జాగో ఆ నవ్వు నవ్వి చూపించబోయాడు,
బీరు ముక్కులోకి పోయింది.

నాది ఐదోవాడి పక్షం.
నాన్న పోయిన వారంలో చూశానా సినిమా,
పెన్‌జాన్స్‌లో, మూడుసార్లు, ఒక్కణ్ణే.
చివర్లో వాడు నిమ్మకు నీరెత్తినట్టు
తలుపు మూసి వెళ్ళిపోతాడు.
అలా మూయగలిగినవాడొకడు
ఎక్కడో ఉండాలనిపించింది నాకు.
ఇదంతా పైకి అనలేదు.
"ఫైట్లు బాగుంటాయి" అన్నాను.

"మొదటివాడు కాళ్ళీడ్చేవాడు."

చలిమంట దగ్గర్నించి వచ్చిందా మాట.
హేజెల్ ట్రెవిన్. కుక్కతో వచ్చి
సగం గ్లాసు తాగి వెళ్ళిపోయే మనిషి.
లండన్‌లో ఏదో గుమాస్తా పనిలే అనుకునేవాళ్ళం.

"షూటింగులో పడ్డ అడుగుల చప్పుడు పనికిరాదు.
తరవాత చీకటిగదిలో తెర చూస్తూ
ఎవరో ఒకరు నడిచిపెట్టాలి.
ఇసుక ట్రే, గులకరాళ్ళ ట్రే, ఒక పాలరాతి పలక.
ముప్ఫై ఒక్క ఏళ్ళు నేనే నడిచాను.
నా పాదం ఐదో నంబరు, బూట్లు తొమ్మిది.
ముందు భాగంలో మేజోళ్ళు కుక్కేదాన్ని.

రెండోవాడికి మడమ ఆనేది కాదు,
నా బరువే వాడికి పెట్టాను.
మూడోవాడు కుంటాడు చూశారూ,
అందులో అరిగింది నా మోకాలు.
నాలుగోవాడొక్కడే ఓసారి గది దాకా వచ్చి విన్నాడు.
'నేనింత ధైర్యంగా నడుస్తానా?' అని
చాలాసేపు అక్కడే నించున్నాడు, పాపం."

"అయితే మన రెన్షా ఆడదా!" అన్నాడు డెంజిల్.
ఎవరూ నవ్వలేదు, ముందు వాడే నవ్వలేదు.

ఆవిడ నా వైపు తిరిగింది.
"ఐదోవాణ్ణి నేను నడవలేదు, అప్పటికే మానేశాను.
ఆ తలుపు మూసే సీను, ఎన్ని అడుగులు?"
మూడుసార్లు చూశాను. తెలీదు.
"పదకొండు. తొమ్మిది దగ్గర ఆగుతాడు.
తెరమీద కనపడదు, అప్పటికి ఖాళీ గోడ చూపిస్తారు.
వినపడుతుంది.
అక్కడ నడిచినవాళ్ళెవరో గాని
వాణ్ణి ఊరికే పోనివ్వలేదు."

నేను గ్లాసులోకి చూస్తూ కూచున్నాను.
జాగో ఎవరికోసమో ఇంకో రౌండు చెప్పాడు.
మోర్వెన్నా మళ్ళీ మూడోవాడి దగ్గరికెళ్ళింది,
ఈసారి గొంతు కాస్త తగ్గించి.

వాన వెలిసింది. ఆవిడ లేచి, కుక్కని లేపి,
తలుపు తీసుకుని వెళ్ళింది.
బయట తడిరాళ్ళ మీద ఆ నడక విందామని
నలుగురం నోళ్ళు మూసుకున్నాం.

రబ్బరు బూట్లు.
ఏమీ వినపడలేదు.