ఇంగువ డబ్బా

చప్పుడే లేదు.
ఎదురింటి మోరీన్ కారు నిమిషంలో మాయం.
తాళంచెవి మాత్రం ఆమె తలగడ కిందే.

పేరుకే చెవి.
రాత్రంతా కారుతో గుసగుసలాడుతూనే ఉంటుందట,
గోడ బయట నిలబడి ఎవడైనా వినేస్తాడట.
రేకు డబ్బాలో పెడితే నోరు మూస్తుందని
వచ్చిన పోలీసు చెప్పి వెళ్ళాడు.
ఆ పూటే ఇంగువ డబ్బా ఖాళీ చేశాను.

స్టీరింగుకి పసుప్పచ్చ గుదిబండ,
చేల మీద పడే ఆవుకి కట్టినట్టు.
గ్లవ్ బాక్సు బార్లా తెరిచి వదిలేస్తాను:
చూసుకో నాయనా, పార్కింగు చిల్లర కూడా లేదు.

వోల్వర్‌హాంప్టన్ ఆసుపత్రిలో, నైట్ డ్యూటీలో,
నా జేబులోంచి పోపు వాసన.
ఏం వండావమ్మా, అన్నాడు ఏడో మంచం తాత.
కారు, అన్నాను.

మోరీన్‌కి ఇన్సూరెన్సు డబ్బు వచ్చింది.
అయినా మొన్న మంగళవారం
చెత్త డబ్బా బయటికి లాగుతూ ఆగి అడిగింది:
గోర్డన్ పోయాక కూడా ఆ సీటు జరపలేదు నేను,
వీపు వెనక దిండేసుకునే నడిపాను.
వాడు ముందుకి జరిపేసుంటాడా?

వాడూ పొడుగే అయ్యుంటాడులే, అన్నాను.

ఇంట్లోకొచ్చి
డబ్బా మూత ఇంకోసారి నొక్కి చూశాను.