అందరూ చేరేదాకా

ఓస్ట్రవాలో బొగ్గు గనులు మూతపడ్డాక
మా ఊరికి మిగిలినవి రెండే:
గోడలకి పట్టిన మసి,
ఊరి చివర సూపర్ కంప్యూటర్.
మొదటిదాన్ని వానలు కడుగుతున్నాయి.
రెండోదాని పేరున సదస్సు పెట్టాం.

అధ్యక్షులు ద్రహోస్లావ్ గారు పెద్ద పనులు చూసుకున్నారు,
అంటే సంతకాలు.
చిల్లర పనులు నావి:
మూడు వందల పదహారు బ్యాడ్జీలు,
నలభై ఒక్కమంది శాకాహారులు,
వాళ్ళలో చేపలు తినే శాకాహారులు ఆరుగురు,
రెండే ప్లగ్గులున్న గదిలో
ఎనభై లాప్‌టాప్‌ల దాహం.

పత్రాలకి గడువు పెట్టాం. పొడిగించాం.
"ఇదే ఆఖరు" అని మళ్ళీ పొడిగించాం.
గడువంటే మావాళ్ళకి గోడ కాదు,
గాలికి జరిగే తెర.
మూడో సమీక్షకుడు తొమ్మిదో ఉత్తరానికి పలికాడు:
"పరవాలేదు. నాలుగో బొమ్మలో రంగులు బాగోలేదు."

నాదీ ఒక పత్రం ఉంది.
ఆరువేల ప్రాసెసర్లు ఒకే లెక్కని పంచుకుంటాయి.
ప్రతి అడుగు చివరా ఒక గీత.
ముందొచ్చినవి అక్కడ ఆగాలి,
ఆఖరిది చేరేదాకా.
కరెంటు కాలుతుంది, పని జరగదు.
ఆ ఎదురుచూపులో నూటికి పదకొండు పాళ్ళు కోసేశాను.
రెండేళ్ళు పట్టింది.
అందులో నాలుగు నెలలు ఒక కామా తినేసింది.

మొదటి రోజు పొద్దున్నే వైఫై పడిపోయింది.
సెకనుకి కోటి కోట్ల లెక్కలు చేయించేవాళ్ళు
ఒక్క ఈమెయిల్ కోసం
ఫోన్లు పైకెత్తి కిటికీల వెంట నిలబడ్డారు.
ఒకప్పుడు గనిలో దీపాలు చూసిన కలేటా
నిచ్చెనెక్కి, సీలింగు పలక జరిపి,
ఊడిన వైరుని బొటనవేలితో నొక్కి,
దిగి,
కాఫీలో చక్కెర తక్కువైందన్నాడు.

నా ప్రసంగం రెండో రోజు, భోజనాలయ్యాక.
ముందు వరసలో ఇద్దరు కునుకు తీశారు.
ఒకాయన లేచి
"ఇది ప్రశ్న కాదు" అని మొదలుపెట్టి
ఏడు నిమిషాలు మాట నిలబెట్టుకున్నాడు.

పోస్టర్ల హాల్లో ఇరవై ఏడో బోర్డు ఖాళీ.
సమర్‌కంద్ నుంచి గుల్‌చెహ్రా రావాలి.
వీసా ఆలస్యం, తర్వాత పొగమంచు.
"తీసేద్దామా? పక్కవాళ్ళకి ఇరుకుగా ఉంది."
"ఆగుదాం" అన్నాను.
"ఎంతసేపు?"
రెండేళ్ళు నేను మైక్రోసెకన్లలో కొలిచిన ప్రశ్న.
నోరు పెగల్లేదు.

ఆరున్నరకి వచ్చింది, బూట్లనిండా నీళ్ళతో.
పోస్టరు గొట్టం ఏ విమానాశ్రయంలోనో తిరుగుతోంది.
కలేటా స్టోరు గదిలోంచి
అద్దాలు చుట్టే గోధుమరంగు కాగితం లాక్కొచ్చాడు.
మార్కరు కీచుమంటుంటే ఆమె గీసింది:
పైన కరిగే మంచు,
మధ్యలో జరఫ్షాన్ నది,
కింద పత్తి చేలు,
ఏ వారం ఎన్ని నీళ్ళు దిగొస్తాయో.
"మా దగ్గర అరవై నాలుగు ప్రాసెసర్లే.
లెక్క తేలేసరికి
నీళ్ళు వచ్చి వెళ్ళిపోతాయి" అంది,
తప్పు తనదైనట్టు నవ్వుతూ.

కునుకు తీసిన ఇద్దరూ వచ్చి నిలబడ్డారు.
ప్రశ్న కాదన్నాయన ఈసారి ప్రశ్నే అడిగాడు, చిన్నది.
హాలు కట్టేసే వేళ దాటింది.
కలేటా తాళాలు జేబులో వేసుకుని
గోడకి ఆనుకున్నాడు.
మర్నాడు ద్రహోస్లావ్ గారి చేత
ఇంకో సంతకం పెట్టించాను:
మా యంత్రంలో రాత్రి వేళలు, ఆరు నెలలు.

మూడో రోజు కుర్చీలు మడిచాం.
రానివాళ్ళ బ్యాడ్జీలు పంతొమ్మిది మిగిలాయి,
పారేయడానికి చేతులు రాక సొరుగులో వేశాను.
గోధుమరంగు కాగితం నా గది తలుపు వెనక ఉంది.
తలుపు తీసినప్పుడల్లా గలగలమంటుంది.

ఏప్రిల్లో రెండు లైన్ల ఉత్తరం:
"నీళ్ళింకా రాలేదు.
లెక్క వచ్చేసింది."