తైస్తో వదిలిన లైను

నాంతలి రేవులో తెల్లవారుజాము నాలుగు.
తెల్లవారుజామనేది గడియారం మాట;
జనవరిలో ఇక్కడ పొద్దు తొమ్మిది దాటితే గాని లేవదు.

గేటు లేవలేదు.
నలభై లారీలు మంచులో ఇంజన్లు ఆపకుండా నిలబడ్డాయి.
స్వీడన్ పడవ దవడ తెరుచుకుని చూస్తోంది.

మార్కెత్తా కోటు విప్పకుండానే కూర్చుంది.
రాత్రి సర్వర్ రీబూటైంది. సర్వీసులన్నీ లేచాయి,
గేటుది మాత్రం లేచి, తూలి, పడుకుంది.
లాగ్‌లో పేజీల కొద్దీ ఒకటే మాట:
అనుమతి లేదు. అనుమతి లేదు.

"హక్కులన్నీ ఇచ్చాం కదా ఆ ఫోల్డరుకి,"
అన్నాడు ఒన్ని, చేరి మూడు నెలలు.
"ఎవరిదని కాదు కావలివాడు అడిగేది.
ఏమిటని."

సర్వర్ కళ్ళు తెరవగానే స్టార్టప్ స్క్రిప్టు
గేటు కోసం ఒక ఫోల్డరును కంటుంది,
అందులో చిన్న ఫైలు,
అరచేతిలో గీసుకున్న ఫోన్ నంబరంత.
ఏ గదిలో పుడితే ఆ గది వాసనే దానికి అంటుకుంటుంది:
నలుగురూ నడిచే వసారా లేబుల్.
వసారాలో చెయ్యి పెట్టడానికి గేటుకు వీల్లేదు.
తన కోసమే పుట్టినదాన్ని
తాకలేక చచ్చింది.

"ఈ ఒక్కపూటకీ కావలి తీసేద్దామా?"
వేలు మీట మీదే ఉంది.
ఆమె ఆ వేలి వైపు చూసింది, అంతే.
ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు,
అందుకే గదా
ఇంటివాళ్ళకీ సోదా పెట్టింది.

చేత్తో లేబుల్ మార్చింది. గేటు లేచింది.
లారీలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి
పడవ గొంతులోకి దిగిపోయాయి.
ఒన్ని కాఫీ తెచ్చాడు, గెలిచినట్టు.

కానీ ఆ వసారా మెమరీలో కట్టినది.
మళ్ళీ రీబూటైతే గోడలతో సహా ఉండదు,
మార్చిన లేబుల్ ఎక్కడ నిలుస్తుంది?

ఆరింటికి స్క్రిప్టు పాత ప్రతులు తిరగేసింది.
తైస్తో రిటైరై ఆరేళ్ళు.
అతని లైను ఒకటి ఉండేది, పుట్టినదాని లేబుల్ సరిచేసేది.
దాని నెత్తిన కామెంట్:
ఎందుకని అడగొద్దు. ఉండనివ్వు.

చెరిపింది ఎవరు? పోయిన గురువారం.
మార్కెత్తా.
"అక్కర్లేని చెత్త తీసేశాను" అని
పక్కన రాసుకుంది కూడా.

ఒన్నికి స్క్రీను అటు తిప్పి చూపించింది.
ఇద్దరూ నవ్వలేదు.

ఆ లైను మళ్ళీ పెట్టలేదామె.
పాలసీలోనే రాసింది:
స్టార్టప్ స్క్రిప్టు ఈ పేరుతో ఫోల్డరు కంటే
పుట్టిన క్షణం నుంచీ అది గేటుది.
తర్వాత దిద్దడాలు లేవు.
కింద ఎందుకో రాసింది, ఏడు లైన్లు.
పాలసీ కన్నా అదే పొడుగు.

తైస్తోకి చెప్పాలనుకుంది.
ఈ వేళకి ఎక్కడో ఐసుకు చిల్లు పొడిచి
గాలం వేసుకుని కూర్చుని ఉంటాడు.

తొమ్మిదిన్నరకి, పడవలేవీ లేనప్పుడు,
కావాలనే సర్వర్ రీబూట్ చేసింది.
కిటికీలోంచి చూశారు.
ఎవరూ లేని రోడ్డు మీద
గేటు తనంత తానుగా చెయ్యెత్తింది,
మళ్ళీ దించింది.