మధ్యధార

మూత తీసిన వెంటనే వాసన రాదు.
రెండు క్షణాలు ఆగి వస్తుంది,
తీర్చని అప్పు గుర్తొచ్చినట్టు.

"మొదట వచ్చేది వదిలెయ్, మధ్యలోది పట్టు,
చివరిదీ వదిలెయ్" అని
ఈ కిటికీలోంచి రోజుకు నలభైసార్లు చెప్తాను.
దొరసానమ్మ డబ్బాని కొంగు కింద పెట్టుకుని తెచ్చింది,
దొంగిలించిన వస్తువేదో తిరిగి ఇస్తున్నట్టు.
సొన కాల్చి వేళ్లు నల్లబడ్డాయి. గోళ్ల సందుల్లో పసుపు.
అడగకుండానే తెలిసింది,
చిత్తూరు బైపాసు పక్క మామిడిగుజ్జు ఫ్యాక్టరీ.
జూన్ నెల. రాత్రంతా తోతాపురి లారీల బారు.

సన్నటి పట్టీ మీద పది గళ్లు.
ముంచి, డబ్బా అంచుకి ఒరిపి, గడియారం చూస్తాను.
నిమిషానికి నైట్రైట్ గడి గులాబీ అయింది.
రెండో నిమిషానికి తెల్లకణాల గడి వంకాయరంగు.

నైట్రైట్‌కి ఒక షరతుంది.
లోపల నాలుగు గంటలైనా నిలవ ఉండాలి,
లేకుంటే క్రిమి ఉన్నా గడి తెల్లమొహం వేస్తుంది.
అందుకే అందర్నీ అడుగుతాను,
"ఇంతకు ముందు ఎప్పుడు పోయినావమ్మా?"
ఆమె వేళ్లు లెక్కపెట్టింది.
ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చింది.

"బెల్టు కాడ నిలబడినాక యాడికి పోతాము మా.
గేటు బయట ముళ్లకంపే, అదీ పొద్దు గూకినాక.
నీళ్లు తాగితే కదా పోవాల్సొచ్చేది. తాగం."

నా పరీక్షకు ఇంతకంటే మంచి నమూనా దొరకదు.
ఆ మాట అనుకున్నందుకు
గ్లవ్స్ లోపల అరచేయి చెమర్చింది.

సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున మిగిలిన చుక్కని
గాజుపలక మీద పరిచాను.
చీముకణాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేసి
"ఫీల్డు నిండా" అని రాశాను.
గ్రామ్ రంగులో ఎర్రటి కడ్డీలు,
తుంచి చల్లిన సేమ్యాలా.

"ఇంక చాలు కదా మేడం" అంది జహీరా, కొత్తగా చేరిన పిల్ల.
ఇవన్నీ గుమ్మంలో నిలబెట్టి అడిగే ప్రశ్నలే జహీరా.
పేరేమి, ఎందరున్నారు, ఏ మందుకు లొంగుతారు
అన్నది ప్లేటు చెప్పాలి.

తీగ కొసన చిన్న సున్నా.
అందులో పట్టేది మిల్లీలీటరులో వెయ్యోవంతు.
నీలిపచ్చని మెత్తటి పళ్లెం మీద దాన్ని గీసి,
ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో పెట్టి,
ఇంటికి పోయి వంకాయ కూర చేశాను. తినబుద్ధి కాలేదు.

పొద్దున పెట్టె తెరిస్తే
నీలం ఎక్కడా లేదు.
పళ్లెం మొత్తం తోతాపురి గుజ్జు.
నూరు దాటాక చుక్కలు ఎంచలేదు,
మా లెక్కలో నూరు చుక్కలంటే లక్ష.
ఆ వారం అదే బెల్టు నుంచి ఆరుగురు వచ్చారు.
ఆరు పళ్లేలు, ఒకటే పసుపు.
"ఇది అంటురోగమా మేడం?"
కాదన్నాను వెంటనే.
తర్వాత చాలాసేపు ఆ జవాబు నమ్మలేకపోయాను.

మూడోరోజు దొరసానమ్మ రిపోర్టు తీసుకుని
నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.
అలవాటు కొద్దీ నేను
"నీళ్లు బాగా తాగల్లమ్మా" అన్నాను.

"తాగితే?" అంది.

కోపంగా కాదు.
నిజంగానే తెలుసుకుందామని.

తీగని మంటలో పెట్టాను. ఎర్రబడింది.
చల్లారేదాకా ఆగాలి,
లేకపోతే తర్వాతి చుక్క మాడిపోతుంది.