పాతపట్నంలో దుబాసీ

ఆసుపత్రి స్టోరు గదిలో, టీకాల ఫ్రిజ్జు పక్కన
సెలైను అట్టపెట్టెల మీద
దుమ్ము ముసుగేసుకుని కూర్చున్న సర్వరు.
నెట్టు లేదు. ఉంటే గింటే
మహేంద్రతనయ అవతల నుంచి ఒడిశా టవరు
బుద్ధి పుట్టినప్పుడు విసిరే రెండు గీతలు.
అందుకే ఆ భాషని పెన్‌డ్రైవులో మూటగట్టి
టెక్కలి బస్సులో గుప్పిట పట్టుకుని తెచ్చాను.

నాకు ముందు చేసిన కాంట్రాక్టు కుర్రాడు
రాసిపోయిన నూటపది లైన్లు,
సికిల్ సెల్ రోగుల జాబితా తీసేవి,
చదివి చెప్పే దిక్కులేక
ఆర్నెల్లుగా మూగగా పడున్నాయి.

మూట విప్పితే మూడువేల పైచిలుకు ఫైళ్లు.
అన్నం కాదు, వడ్లు.
"దీని పేరేటి బాబూ?" వాచ్‌మన్ తవిటయ్య.
పైథాన్. అంటే కొండచిలువ.
"ఓలమ్మ, దాన్ని ఇక్కడికి మొయ్యడమెందుకు,
మా కొండమీద లేవేటి?"

మేక్ అని కొట్టాను. ఒకటే గోల:
ఈ ఫైళ్లు ఇంకా పుట్టనే లేదట!
సర్వరు లెక్కలో ఇది రెండువేల మూడు, జనవరి ఒకటి.
లోపలి బొత్తాం బ్యాటరీ ఎప్పుడో చచ్చింది;
కరెంటు పోయి వచ్చినప్పుడల్లా
అదే తెల్లారిలో కళ్లు తెరుస్తోంది.
తవిటయ్య మందుల గది వెతికి
అద్దం పగిలిన షుగరు మిషనొకటి తెచ్చి
చెంచా కొసతో దాని గుండె ఊడబెరికి ఇచ్చాడు.
ఇరవై రెండేళ్లు, ఒక్క గెంతు.

అక్షరాలు ఎగబాకుతుంటే వరండాలోకి నడిచాను.
దుబాసీని కట్టాలంటే ఇంకో భాష,
ఆ భాషకి ఇంకో దుబాసీ,
అలా దిగిపోగా దిగిపోగా అట్టడుగున ఎవరో,
వాళ్లకొచ్చింది రెండే మాటలు:
ఉంది, లేదు.

వార్డులో సవర లక్కాయి.
గుంటూరు నుంచొచ్చిన డాక్టరమ్మకీ
కొండదిగిన కుర్రాడికీ నడుమ, స్టూలు మీద.
"నొప్పి పదికి ఎంత?"
లక్కాయి చాలాసేపు చెప్పింది.
కుర్రాడు ఒక్క మాటన్నాడు.
"ఎండు వెదురు లోపల్నించి సీల్చినట్టుందట."
డాక్టరమ్మ ఎనిమిది అని రాసుకుంది.

మీకు తెలుగు ఎలా వచ్చిందని అడిగాను.
"హాస్టల్లో. మూడేళ్లు నోరిప్పలేదు నాను.
లోపల ఏదో కడతన్నారు గాబోలు.
ఒకరోజు అన్నం సాల్లేదని అడిగేసినాను."

తిరిగొచ్చేసరికి ఆఖరి మెట్టు మీద కూలబడి ఉంది.
జిప్పు విప్పే లైబ్రరీ లేదట.
అంతా కట్టించుకున్నాక చెప్పింది!
దాన్ని ముందు కట్టి, మళ్లీ మొదటి ఫైలు నుంచి.
తవిటయ్య నిద్రపోయాడు. దోమలు పోలేదు.

మూడున్నరకి ఇన్‌స్టాల్ అయింది.
నూటపది లైన్లూ ఒక్కొక్కటే చదివి,
చదివింది చేసి, అప్పుడు తరువాతది చదివి,
లక్కాయి లాగే, ముందేముందో తెలియకుండా
జాబితా రాల్చింది. నలభై ఒక్క పేర్లు.
పదహారో పేరు చోట
వరసగా నాలుగు ప్రశ్నార్థకాలు.

ఫాంటు తేడా అనుకున్నాను.
ఎన్‌కోడింగు మార్చాను, అరగంట తిట్టాను.
అసలు ఫైలు విప్పితే అక్కడా అవే.
రిజిస్టరు ఎక్కించినవాడే చేత్తో కొట్టాడు.

లక్కాయి టీ గ్లాసుతో వచ్చి
ఊరు, వయసు, రక్తం గ్రూపు చూసి
"మా పెదనాన్న మనవరాలు" అంది. పేరు చెప్పింది.
మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పింది.
నడిమధ్యన గొంతు
రెప్పపాటు తలుపేసి తీస్తోంది;
ఆ తలుపుకి నా కీబోర్డులో మీట లేదు.
నా నోటితో అనబోయాను.
"కాదు" అని నవ్వి, "అయినా పలుకుతాదిలే" అంది.

ఐదుంబావుకి మొదటి బస్సు.
ప్రశ్నార్థకాలు చెరపలేదు.
వాటి పక్కన
లక్కాయి ఫోను నంబరు ఎక్కించాను.